మూడోసారి అడగరు

మొన్న ఆదివారం మా పిన్ని కూతురు కావలి నుంచి ఫోన్ చేసింది. అక్టోబర్‌లో తనకి జర్మనీలో ఎంఎస్ మొదలవుతుంది. వీసా వచ్చేసింది, ఏడాది ఖర్చులకి డబ్బుందని వీసా కోసం చూపించే బ్లాక్డ్ అకౌంట్‌లో 11,904 యూరోలు వేశారు, టికెట్ తీశారు. ఇక మిగిలింది సూట్‌కేసు సర్దడమే. కుక్కర్ మూడు లీటర్లది చాలా, ఐదుదా? ఆవకాయ కారకుండా ఎలా కట్టాలి? కందిపప్పు అక్కడ దొరుకుతుందా? చలికోటు చెన్నైలో కొనాలా, అక్కడికొచ్చి కొనుక్కోవాలా? నలభై నిమిషాలు ఇవే మాటలు. అన్నిటికీ ఓపిగ్గా చెప్పాను. ఫోన్ పెట్టేశాక మాత్రం మనసు ఊరుకోలేదు. అసలు చెప్పాల్సింది చెప్పలేదనిపించింది.

నేను నెల్లూరు నుంచి స్టుట్‌గార్ట్ వచ్చి ఏడేళ్లయింది. ఇక్కడి తిండికి అలవాటు పడటానికి రెండు నెలలు పట్టింది. చలికి ఒక చలికాలం చాలింది. ఆదివారం కొట్లన్నీ మూసేస్తారని, రాత్రి పది దాటాక మిక్సీ వేయకూడదని, నీళ్ల సీసా తిరిగిస్తే 25 సెంట్లు వెనక్కి వస్తాయని, ఇవన్నీ ఎవరో ఒకరు చెప్తే ఒక్క వారంలో వచ్చేస్తాయి. నాకు నాలుగేళ్లు పట్టింది మొహమాటంతోనే. దాని గురించి ఎవరూ చెప్పలేదు. చెప్పేవాళ్లు ఉన్నా వినేదాన్ని కాదేమో. అది నా మర్యాద అనుకునేదాన్ని గనక.

2023-24లో జర్మనీ యూనివర్సిటీల్లో చదివిన మన దేశపు పిల్లలు 49 వేల పైచిలుకు. వేరే ఏ దేశం నుంచీ అంతమంది లేరు. వాళ్లలో మన తెలుగు పిల్లలు ఎంతమందో ఇక్కడి ట్రామ్ ఎక్కితే చెవులకే తెలుస్తుంది. వాళ్లందరి సూట్‌కేసుల్లోనూ పచ్చడి సీసాల పక్కన ఈ మొహమాటం కూడా ఉంటుంది. దాన్ని బయటికి తీసి చూసుకోమని చెప్పడానికే ఈ పోస్టు.

డాంకే అంటే వద్దని

వచ్చిన ఏడాది నవంబర్‌లో, ఆఫీసులో నా పక్క సీటావిడ ఇంటికి భోజనానికి పిలిచింది. ష్పెట్స్‌లె చేసింది. గుడ్లు కలిపిన పిండిని మరుగుతున్న నీళ్లలోకి సన్నగా జార్చి, చీజ్ కలిపి, పైన ఎర్రగా వేగిన ఉల్లిపాయలు చల్లే వంట. నేను మధ్యాహ్నం నుంచి ఏమీ తినలేదు. మొదట పెట్టింది ఐదు నిమిషాల్లో అయిపోయింది. ఆవిడ గిన్నె చేతిలోకి తీసుకుని "ఇంకొంచెం?" అంది. నేను కొంచెం నవ్వి, కొంచెం వెనక్కి జరిగి, "డాంకే" అన్నాను.

డాంకే అంటే థాంక్స్ అని ఎవరికైనా తెలుసు. కానీ ఎవరైనా ఏదైనా ఇవ్వబోయినప్పుడు ఒట్టి డాంకే అంటే ఇక్కడ వద్దని అర్థం. కావాలంటే "బిట్టె" అనాలి, లేదా "యా, గెర్నె" అనాలి. ఇది నాకు జర్మన్ క్లాసులో ఆరునెలల తర్వాత తెలిసింది. ఆ రోజు మాత్రం గిన్నె వంటింట్లోకి వెళ్లిపోయింది. మూత పెట్టిన చప్పుడు వినపడింది. రాత్రి పదకొండింటికి రూముకి వచ్చి, పెరుగన్నంలో నిమ్మకాయ ఊరగాయ కలుపుకుంటూ ఆవిడ మీద కోపం తెచ్చుకున్నాను. ఇంకొకసారి అడిగితే ఏం పోయింది?

నెల్లూరులో మేం మూలాపేటలో ఉండేవాళ్లం. మా ఇంట్లో పెట్టడానికీ వద్దనడానికీ ఒక పద్ధతి ఉండేది. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు, అయినా అందరికీ వచ్చు. మొదటి వద్దు మర్యాదకి. రెండో వద్దు, పెట్టేవాళ్లకి నిజంగా పెట్టాలని ఉందో లేదో తెలుసుకోడానికి. మూడోసారికి "సరే, ఒక్క గరిటె". మొదటిసారే ప్లేటు ముందుకు చాపే పిల్లని ఆబ పిల్ల అంటారు. పెట్టేవాళ్లు రెండోసారితో ఆపేస్తే, ఆ ఇంట్లో పిలిచారే గానీ పెట్టలేదు అంటారు. బంధువుల ఇళ్లకి వెళ్లినప్పుడు నాకు పళ్లెం కంటే అమ్మ కళ్లు ముందు కనపడేవి. తీసుకోవచ్చా, ఇంకా ఆగాలా అనేది అక్కడే ఉండేది.

అడగందే అమ్మైనా పెట్టదని సామెత చెప్పుకునేది కూడా మనమే. ఈ సామెత ఏ ఇంట్లో పుట్టిందో అని చాలాసార్లు అనుకున్నాను. నాకు తెలిసిన అమ్మలందరూ అడక్కముందే పెట్టేవాళ్లు, వద్దన్నా పెట్టేవాళ్లు. అలాంటి ఇంట్లో పెరిగిన మనిషికి అడగాల్సిన అవసరమే రాదు. అవసరం రాని పని ఇరవై అయిదేళ్లు వచ్చాక ఒక్కసారిగా చెయ్యమంటే నోరు పెగలదు.

చూస్తాలే

తిండి దగ్గర మొహమాటపడితే ఆకలితో పోతుంది. నా కడుపే కదా మాడేది. మాటల దగ్గర పడితే అవతలివాళ్ల మీద పడుతుందని తెలుసుకోడానికి నాకు ఒక పెద్దావిడ టమాటా మొక్కలు బలయ్యాయి.

ఇల్లు మారాక మా కిందింట్లో డెబ్బై దాటిన ఒక పెద్దావిడ ఒంటరిగా ఉండేది. ఇప్పుడూ ఉంది. ఒక జూన్‌లో తలుపు కొట్టి, రెండు వారాలు ఊరెళ్తున్నాను, బాల్కనీలో మొక్కలకి నీళ్లు పోయగలరా అని అడిగింది. సరిగ్గా ఆ రోజుల్లోనే నాకు బెర్లిన్‌లో పది రోజుల ట్రైనింగ్ ఉంది. కుదరదని చెప్పాలి. పెద్దావిడ మెట్లెక్కి వచ్చి అడిగింది, మొహం మీద ఎలా కాదంటాం? "చూస్తాను" అన్నాను. మనకి చూస్తాను అంటే ఏంటో మీకు చెప్పనక్కర్లేదు. చూస్తాలే, చూద్దాంలే, కుదిరితే వస్తాను. ఇవన్నీ లేదనే మాటకి మనం కట్టిన పట్టుబట్టలు. ఆవిడకి ఆ సంగతి తెలీదు. తాళంచెవి నా చేతిలో పెట్టి, రోజుకి ఎన్ని చెంబులు పోయాలో ఒక కాగితం మీద రాసిచ్చి వెళ్లిపోయింది.

నా ఫ్రెండ్‌ని పొయ్యమన్నాను. తనూ మనమ్మాయే. తనూ "చూస్తాలే" అంది.

తిరిగొచ్చేసరికి ఎండలు మండిపోతున్నాయి. ఆవిడ కూడా అదే రోజు వచ్చింది. ఇద్దరం బాల్కనీలో నిలబడ్డాం. టమాటా ఆకు ఒకటి వేళ్ల మధ్య పట్టుకుంటే అప్పడంలా పొడైపోయింది. ఆవిడ నన్ను తిట్టలేదు. "మీకు కుదరదంటే పైవాళ్లని అడిగేదాన్ని కదా. ఎందుకు చెప్పలేదు?" అని అడిగింది. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చి డిక్షనరీ తీశాను. సిగ్గుకి జర్మన్ మాట ఉంది. మర్యాదకి ఉంది. బిడియానికీ ఉంది. మొహమాటానికి ఏ మాటా నాకు దొరకలేదు. మీ మనసు నొప్పించకూడదని అనుకున్నాను అని చెప్పబోయాను గానీ, ఎండిపోయిన మొక్కల ముందు ఆ మాట అబద్ధంలా వినిపిస్తుందని ఊరుకున్నాను. ఆలోచిస్తే అది అబద్ధమే కూడా. నేను కాపాడుకున్నది ఆవిడ మనసుని కాదు. ఆ ఒక్క నిమిషం కాదనలేక ఇబ్బంది పడకుండా నన్ను నేను తప్పించుకున్నాను.

ముగ్గు లేని వాకిలి

కావాలన్నా వద్దన్నా నోరు తెరిచి చెప్పాలని నేనంటే ఒంగోలు అబ్బాయి ఒకతను, ఇక్కడే పదేళ్లుగా ఉంటున్నాడు, గట్టిగా వాదిస్తాడు. "అడిగితేనే పెట్టేది హోటల్లో అక్కా. మనుషుల మధ్య కూడా అడుక్కోవాలంటే ఇక మనుషులెందుకు?" అంటాడు. అతని మాట కొట్టిపారేయలేను. నాకు గట్టిగా జ్వరం వచ్చిన వారం అతనన్నట్టే అనిపించింది. ఆఫీసుకి మెయిల్ పెడితే త్వరగా కోలుకోండి అని ఒక్క లైను వచ్చింది. జబ్బేంటని అడిగే హక్కు ఇక్కడ యజమానికి లేదు, అందుకే అడగరు. అది మన మంచికే పెట్టిన రూలు. కానీ దుప్పటి కప్పుకుని వణుకుతున్నప్పుడు, ఏం జ్వరం అని ఒక్కరైనా అడిగితే బాగుండనిపిస్తుంది. నాలుగు రోజులు ఎవరూ తలుపు కొట్టలేదు.

మూలాపేటలో అయితే అది జరగని పని. పొద్దున ఏడు దాటినా మా వాకిట్లో ముగ్గు పడకపోతే ఎదురింటి అత్త గేటు దగ్గర నుంచే కేకేసేది. "ఏందక్కా, ఒంట్లో బాగలేదా?" ఎవరం చెప్పాల్సిన పని లేదు, వాకిలే చెప్పేది. పది నిమిషాల్లో కాఫీ వచ్చేది.

ఐదో రోజు శనివారం. మా బిల్డింగులో ఈ ప్రాంతపు పాత ఆచారం ఒకటుంది, కేర్‌వొఖె అంటారు. ఒక్కో వారం ఒక్కో ఇంటివాళ్లు మెట్లు ఊడ్చి తుడవాలి. ఎవరి వంతో వాళ్ల తలుపుకి ఒక చిన్న పలక వేలాడుతుంది. పని అయ్యాక దాన్ని పక్కింటి తలుపుకి తగిలించాలి. ఆ వారం పలక నా తలుపుకి ఉంది. మెట్లు ఊడవలేదు. సాయంత్రం బెల్ మోగింది. కిందింటి పెద్దావిడ. మెట్ల గురించి అడగడానికే వచ్చింది, అందులో దాపరికం లేదు. నా మొహం చూసి ఆగిపోయింది. "మీరు చెప్పలేదే" అంది. చెప్పలేదే! మళ్లీ అదే మాట. గంటలో సూప్ వచ్చింది. మెట్లు ఆవిడే తుడిచింది. తర్వాత మూడు రోజులు పొద్దునా సాయంత్రం వచ్చి చూసి వెళ్లింది. చెప్పకుండా వస్తే నా ఇంట్లోకి జొరబడినట్టు అవుతుందని అన్నాళ్లు రాలేదట.

వీళ్లకి ప్రేమలుండవు అనే మాట మనవాళ్ల నోట చాలా తేలిగ్గా వస్తుంది. ఆ రోజు తర్వాత నేనది అనలేదు, ఎవరన్నా ఒప్పుకోలేదు. అయినా ఒంగోలు అబ్బాయి ప్రశ్న ఒకటి నాకు తెగలేదు. భాష రాని వాళ్లు, కొత్తగా వచ్చిన పిల్లలు, నోరు లేని మనుషులు, వీళ్లు అడగలేరు. అడగలేని వాళ్ల సంగతేంటి? అడిగితేనే చేసే చోట ముందు దెబ్బతినేది వాళ్లే. ఆ శనివారం మెట్ల వంతు నాది కాకపోయుంటే ఏమయ్యేదో నాకు తెలీదు. మా వీధిలో ముగ్గు చేసే పని ఈ పద్ధతి చెయ్యలేదు. అక్కడ మనదే గొప్ప, అందులో నాకు సందేహం లేదు.

చెరువులో అమ్మ

మరి మన దగ్గర మొహమాటం వల్ల అంతా సుఖమేనా? మా నాన్నతో పనిచేసే ఒకాయన చీటీ పాడుకుని, షూరిటీ సంతకం పెట్టమని అడిగాడు. నాన్నకి ఇష్టం లేదు. రాత్రి అమ్మతో ఆ మాటే అన్నాడు, నేను విన్నాను. పొద్దున్నే ఆయన ఇంటికొచ్చి కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతుంటే "దాందేముంది లెండి" అని పెట్టేశాడు. ఆయన కట్టడం మానేశాడు. మూడేళ్లు నాన్న జీతంలోంచి పోయింది. నా ఇంటర్ ఫీజు అప్పు చేసి కట్టారు. ఆ మూడేళ్లలో ఒక్కసారి కూడా నాన్న ఆయన్ని గట్టిగా అడగలేకపోయాడు. దారిలో కనిపిస్తే తనే తల దించుకునేవాడు, బాకీ తనదైనట్టు. కాదనడం రాకపోవడం మంచితనం అని నేను ఇక ఒప్పుకోలేను.

పోనీ అడగడం మనకి అసలు రానే రాదా అంటే, అదీ కాదు. నెల్లూరు వాళ్లకి నేను గుర్తు చేసేది రొట్టెల పండుగ. మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో మోకాళ్లలోతు నీళ్లలో నిలబడి ఎంతమంది నోరు తెరిచి అడుగుతారో చూడండి. ఉద్యోగం రొట్టె ఎవరిస్తారు? పెళ్లి రొట్టె ఎవరి దగ్గరుంది? సంతానం రొట్టె? ఎవరో తెలీని మనిషి ముందు తన లోపలి కోరిక పేరు పెట్టి చెప్పి, కొంగు పట్టి రొట్టె తీసుకుంటారు. మతం అడగరు, కులం అడగరు. కోరిక తీరితే మరుసటి ఏడాది వచ్చి తనూ రొట్టె ఇవ్వాలి.

2017లో మా అమ్మ అక్కడ విదేశీ రొట్టె అడిగి తీసుకుంది. పక్కింట్లో గ్లాసుడు పంచదార అడగడానికి పది నిమిషాలు గేటు దగ్గర తచ్చాడే మనిషి! నేను గట్టు మీద చెప్పులకి కాపలా ఉండి చూశాను. వందల మంది మధ్య గొంతెత్తి "విదేశీ రొట్టె, మా పాపకి" అని అడిగింది. బురఖా వేసుకున్న ఒకావిడ రెండు చపాతీలు చేతిలో పెట్టింది. 2018 ఆగస్టులో నేను విమానం ఎక్కాను. సెప్టెంబర్‌లో అమ్మ ఒక్కతే వెళ్లి అదే నీళ్లలో నిలబడి రొట్టెలు ఇచ్చి వచ్చింది. అడగడం అంటే అడుక్కోవడం అనే ఒంగోలు అబ్బాయికి నేను ఈ చెరువునే చూపిస్తాను. అక్కడ ఈ ఏడు చెయ్యి చాచినవాళ్లే వచ్చే ఏడు ఇచ్చేది. ఎవరూ చిన్నబోరు.

పెద్దమ్మ పులుసు

ఇంత నేర్చుకున్నాక నాకు ఎదురుదెబ్బ తగిలింది కోవూరులో. రెండేళ్ల క్రితం సెలవుకి వెళ్తే పెద్దమ్మ బొమ్మిడాయిల పులుసు పెట్టింది, మామిడికాయ వేసి. ముందురోజు రాత్రే కాచి ఉంచింది, ముక్కకి పులుపు పట్టాలని. రెండుసార్లు వేయించుకున్నాను. కడుపు నిండింది. మూడోసారి గరిటె తెచ్చేసరికి ప్లేటుకి చెయ్యి అడ్డం పెట్టి "వద్దు పెద్దమ్మా, చాలు" అన్నాను. గట్టిగా కూడా అనలేదు. మామూలుగా, ఇక్కడ అనే అలవాటులో అన్నాను.

గరిటె గాల్లోనే ఆగింది. పులుసు బొట్టు ఒకటి ప్లేటు పక్కన నేల మీద పడింది. "ఏం పాపా, బాలేదా?" అంది. బాగుందని ఎంత చెప్పినా మొహం విప్పారలేదు. బస్సులో అమ్మ నన్ను అడిగింది, "అంత మొహాన కొట్టినట్టు చెప్పాలా? కాస్త వేయించుకుని వదిలేస్తే పోయేది కదా?" అని. పులుసు పారేస్తే పెద్దమ్మకి బాధ లేదు, వద్దంటే బాధ. ఏడేళ్ల క్రితం ఇది నాకు ప్రశ్నగా కూడా తోచేది కాదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇక్కడి మాట నేర్చుకుంటూ అక్కడిది పోగొట్టుకున్నానా అని భయమేసింది. రెండు భాషలు వచ్చినవాళ్లు ఎదుటి మనిషిని బట్టి మాట మారుస్తారు, ఇదీ అంతే కదా అని ఇప్పుడు అనుకుంటున్నాను. మీరు, నువ్వు అని మనం మార్చడం లేదూ. జర్మన్లు కూడా జీ అని, డూ అని మారుస్తారు. కానీ నోటితో అనే మాట మార్చినంత తేలిక కాదిది. ఒకసారి సూటిగా కాదనడం అలవాటయ్యాక, మూడోసారి వరకు ఆగడం నటనలా అనిపిస్తుంది. పెద్దమ్మ దగ్గర ఆ నటన చెయ్యడానికి నేను సిద్ధమే. ఆవిడకి అది నటన కాదు గనక. నాన్న చేసినట్టు సంతకం దగ్గర మాత్రం చెయ్యను. ఎక్కడ చెయ్యాలో ఎక్కడ చెయ్యకూడదో ప్రతిసారీ అప్పటికప్పుడు చూసుకోవాల్సిందే. మా చెల్లికి చెప్పడానికి ఇంతకంటే తేలికైన సలహా నా దగ్గర లేదు. మొదటి వారంలో ఎవరైనా గిన్నె చూపించి ఇంకొంచెం అంటే "యా, గెర్నె" అనమని మాత్రం ఈ రాత్రే ఫోన్ చేసి చెప్తాను.

ఉత్త గిన్నె

మొన్న మే నెలలో అమ్మ ఇక్కడికి వచ్చింది, తొంభై రోజుల వీసా మీద. రెండో రోజే స్టీలు గిన్నెలో పప్పుచెక్కలు పోసుకుని కిందింటికి బయల్దేరింది. మధ్యలో నేను. పెద్దావిడ ఒకటి తిని బాగుందంది. అమ్మ ఇంకొకటి అంది. ఆవిడ డాంకే అంది. "సిగ్గుపడతా ఉంది, తినమని చెప్పు పాపా" అంది అమ్మ. నేను రెండు వైపులా ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడకి వద్దంట అని అమ్మకి, మా దగ్గర మూడుసార్లు అడుగుతారు అని ఆవిడకి. ఎవరి మాటనీ మెత్తగా చెయ్యలేదు. అమ్మ గిన్నె అక్కడే పెట్టి వచ్చేసింది.

మర్నాడు పెద్దావిడ గిన్నె తెచ్చిచ్చింది. తళతళలాడేలా తోమి, తుడిచి. అమ్మ లోపల చూసి నా వైపు తిరిగింది. "ఉత్త గిన్నె ఇచ్చిందేంది?" నాలుగు చక్కెర పలుకులైనా వెయ్యకుండా గిన్నె తిరిగివ్వరు మా ఇంట్లో. శుభ్రంగా కడిగి ఇవ్వడమే వీళ్ల మర్యాద అని చెప్పబోయాను. అమ్మ వినలేదు. అప్పటికే డబ్బా మూత తీసి మళ్లీ గిన్నెలో చెక్కలు పోస్తోంది. "ఉత్త గిన్నె ఇంట్లో పెట్టుకుంటామా," అని గిన్నె నా చేతికిచ్చి మెట్ల వైపు చూపించింది.

ఆగస్టులో అమ్మ వెళ్లిపోయింది. గిన్నె ఇంకా కిందింట్లోనే ఉంది.